పదకొండు బకెట్లు

1979 అక్టోబరు పద్నాలుగు, ఆదివారం. ఆ పొద్దున తిన్నది నిమ్మకాయ పులిహోర. ఇంట్లో వేరుశెనగపప్పు అయిపోయిందని ఆమోసు భార్య విమలకుమారి డబ్బాలో వచ్చే ఉప్పు పీనట్స్ వేసింది. ఉప్పు ఎక్కువైంది. ఆరున్నరకి కారులో కాగితం ప్లేట్లు ఒళ్ళో పెట్టుకుని, హీటరు వేడెక్కేలోపలే తినేశారు. చాలా పెద్ద పెద్ద తేదీలు మరిచిపోయిన ఆమోసుకి ఆ తేదీ, ఆ ఉప్పు ఇప్పటికీ నాలుక మీదే ఉన్నాయి.

ఆ రోజు కోతపండుగ. షికాగో తెలుగు క్రైస్తవ సంఘానికి అదే మొదటిది. ఇరవై మూడు కుటుంబాలు, సొంత చర్చి లేదు. లారెన్స్ అవెన్యూకి దగ్గర్లో లూనా బాల్‌రూమ్ అనే పాత హాలు ఆదివారం ఉదయాలకి దొరికింది. శనివారం రాత్రంతా అక్కడ డిస్కో. తెల్లవారుజామున మూస్తే, పదింటికి ఆరాధన. కప్పు నుంచి వేలాడే అద్దాల బంతిని తాడుతో కిందికి దించి, తెల్లటి గలీబు తొడిగి, మళ్ళీ పైకి లాగేవారు. తలుపు దగ్గర బూట్లు విడిచి, దుప్పట్లు పరుచుకుని, నేల మీదే కూర్చునేవారు.

తాడు లాగేది క్లారెన్స్. హాలు కాపలా, నేల బాగోగులు అతనివి. పై అంతస్తులో ఒక గదిలో ఉండేవాడు. పొడుగ్గా, నల్లగా, మాట తక్కువగా ఉండే మనిషి. నలభై ఇంకా రాలేదు కానీ మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళకి అరవై వచ్చినట్టుండేది. ఆదివారం తొమ్మిదింటికి దిగివచ్చేవాడు. అందుకని తాళంచెవి ఒకటి ఆమోసు దగ్గర ఉండేది.

ఏడింటికల్లా ఆడవాళ్ళు ఎనిమిదిమంది చేరారు. అందరిలో పెద్దది లూసీ. గుంటూరులో టీచరు చేసి వచ్చింది, ఇక్కడా అందరూ తన క్లాసులోనే ఉన్నట్టు మాట్లాడుతుంది. లైట్లన్నీ వేయించి నేలను చూసింది.

“ఇదేంటయ్యా ఆమోసూ, ఈ తెల్ల పౌడరు? బూడిద, బీరు మరకలు సరేసరి. దీనిమీదేనా మనం మోకాళ్ళూనేది?”

“క్లారెన్స్ ప్రతివారం తుడుస్తూనే ఉన్నాడు గదక్కా.”

“తుడవడం వేరు, కడగడం వేరు. పండగపూట నేల కడక్కుండా ప్రార్థనకి కూర్చున్న వాళ్ళని మన ఊళ్ళల్లో ఎక్కడన్నా చూశావా?”

చూడలేదు. అందుకే ఆమోసుకి అనుమానమే రాలేదు. అతను పుట్టిపెరిగిన బాపట్ల ఇంట్లో గచ్చునేల. గచ్చు మీద ఎన్ని నీళ్ళు పోసినా పక్కనున్న తూములోంచి పోతాయి. ఈ హాలుకి తూము లేదన్న సంగతి కూడా ఎవరూ చూడలేదు. వంటగది కుళాయి నుంచి బకెట్లు మోసింది ఆమోసే. డెట్టాల్ పోసింది లూసీ. లెక్కపెట్టింది విమలకుమారి. ఆమె నర్సు, దేన్నైనా లెక్కపెడుతుంది.

కొబ్బరి చీపుళ్ళు రెండు, సూట్‌కేసుల్లో సముద్రం దాటి వచ్చినవి. మిగతావి ఇక్కడివే. పొడుగు కర్రతో నిలబడి ఊడవడం చేతకాక, మొగుళ్ళచేత సగానికి కోయించుకున్నవి. నీళ్ళు కుమ్మరించగానే ఎనిమిదిమందీ వరసగా నడుం వంచారు. ఎడమచేత్తో కుచ్చిళ్ళు పైకి పట్టి నడుం వెనక్కి ఆనించి, కుడిచేత్తో చీపురు విసురుతూ, వెనక్కి వెనక్కి అడుగులు వేశారు. ఒకరి చీపురు తెచ్చిన నీళ్ళని పక్కామె చీపురు అందుకోవాలి. ఎవరూ చెప్పకుండానే అన్ని చేతులూ ఒక్క లయలో పడ్డాయి. లూసీ కీర్తన ఎత్తుకుంది. వరస చివర విమలకుమారి, మళ్ళేచోట రెండడుగులు ఎక్కువ వెయ్యాల్సొచ్చి, మడమ మీద గిర్రున తిరిగి అందుకునేది.

క్లారెన్స్ తొమ్మిదింటికి కిందికి వచ్చాడు. గుమ్మంలో ఆగి నేలను చూశాడు. వంగి అరచేయి ఆనించాడు. కిటికీలు ఒక్కొక్కటే తెరిచి, పెద్ద ఫాన్లు రెండూ వేశాడు. ఈ చలిలో ఈ గాలేమిటని అందరూ శాలువలు కప్పుకున్నారు. ఆ గాలిలోనే గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు దేవుడి ముందు పెట్టి, కీర్తనలు పాడి, బిర్యానీ తిని, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు.

*

బిర్యానీ వండిన గుండిగ హాలు వంటగదిలో మరిచిపోయారు. బుధవారం సాయంత్రం హాస్పిటల్ లాబ్‌లో డ్యూటీ దిగాక ఆమోసు దానికోసం వెళ్ళాడు. గేటు పక్కన గోడమీద ఒక పోస్టరు ఉంది. చాలా రోజులుగానే ఉండి ఉంటుంది, అతనే చూడలేదు. ‘క్లారెన్స్ టిబ్స్ — డాన్సులో ఇరవై ఏళ్ళు. ఈ శనివారం.’ కింద ఒంటికాలి మీద వెనక్కి వాలి, పడకుండా ఆగిపోయిన మనిషి బొమ్మ. ఆ మనిషి తాడు లాగే క్లారెన్సేనని గుర్తుపట్టడానికి ఆమోసుకి కాస్త సమయం పట్టింది. నలభై మూడో వీధి పేవ్‌మెంట్ మీద అతను మొదలుపెట్టిన డాన్సు ఊళ్ళో ప్రతి క్లబ్బుకీ పాకిందనీ, అతని దగ్గర నేర్చుకున్నవాళ్ళు డెట్రాయిట్ నుంచి కూడా వస్తున్నారనీ రాసి ఉంది.

లోపల అరుపులు వినిపిస్తున్నాయి.

డాన్సు ఫ్లోరు నడుమ హాలు యజమాని వొయ్‌చిక్, వెలిగించని చుట్ట నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. అతని కాళ్ళ కింద నేల నేలలా లేదు. మేపుల్ చెక్క పలకల అంచులు రెండువైపులా లేచి, నడుమ లోతుపడి, దున్నిన చాళ్ళలా ఉంది.

“మా మామగారు ఇరవై ఆరులో వేయించిన నేల! యాభై మూడేళ్ళు! ఐస్ తొట్టి కారుతుంటే చూసుకోలేవా? నీకు పైన గది ఎందుకిచ్చాను, పడుకోడానికా?”

క్లారెన్స్ చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

“శనివారం లేదు, ఏమీ లేదు. దీనిమీద ఎవడాడినా కాలు విరుగుతుంది. ఆదివారానికల్లా గది ఖాళీ చెయ్యి.”

ఆమోసుకి చూడగానే అర్థమైంది. లాబ్‌లో రోజూ రక్తం చుక్క గాజుపలక మీద ఎంతదూరం పాకుతుందో చూసే మనిషి. బారు దగ్గరున్న ఐస్ తొట్టి నీళ్ళు హాలు నాలుగు మూలలకీ సమానంగా పాకవు. అతని గొంతు దాకా మాట వచ్చింది. అప్పుడు క్లారెన్స్ తలెత్తి అతనివైపు చూశాడు. చాలా సేపు కాదు.

“తొట్టే అయ్యుంటుంది, మిస్టర్ వొయ్‌చిక్,” అన్నాడు.

వొయ్‌చిక్ ఆమోసుని చూసి గొంతు తగ్గించాడు. “సారీ మిస్టర్ ఆమోస్. ఆదివారం మీవాళ్ళకి ఇబ్బందే. మీలాంటి శుభ్రమైన మనుషులు చూడాల్సిన నేల కాదిది.”

ఆమోసు గుండిగ ఎత్తుకున్నాడు. రెండుచేతులూ నిండిపోయాయి. క్లారెన్స్ ముందే వెళ్ళి తలుపు తెరిచి పట్టుకున్నాడు. “మెట్టుంది, జాగ్రత్త,” అన్నాడు.

*

విమలకుమారి చారు తాలింపు పెడుతూ అంతా వింది. అయిదేళ్ళ దెబోరా బల్ల కింద కూర్చుని బొమ్మకి జడ వేస్తోంది.

“మీరేమన్నారు?”

“ఏమంటాను? గుండిగ తెచ్చాను.”

ఆమె స్టవ్ కట్టేసి అతనివైపు తిరిగింది. కోప్పడలేదు. గుండిగలోకి తొంగిచూసి, “ఇందులో పెట్టుకుని తెచ్చారన్నమాట, ఆ మాటని,” అంది.

ఆమోసు దైవాశీర్వాదం గారికి ఫోన్ చేశాడు. ఆయన వారమంతా ఫార్మసీలో పని చేసి, ఆదివారం వాక్యం చెప్పే మనిషి. హాలు కోసం ఎక్కిన గుమ్మాలన్నీ ఆయనే ఎక్కాడు.

“బ్రదర్ ఆమోసూ, మూడు చర్చిలు అడిగాం. ఒకళ్ళు తాలింపు వాసనన్నారు. ఒకళ్ళు పిల్లల గోలన్నారు. మూడోవాళ్ళు ఏమీ అనలేదు, ఫోన్ ఎత్తడం మానేశారు. ఇప్పుడు మనం వెళ్ళి మేమే పాడుచేశామంటే ఇరవై మూడు కుటుంబాలూ రోడ్డు మీదే. అయినా మనల్ని ఎవరూ అడగలేదు గదా? అడిగితే అబద్ధమాడడం పాపం.”

“అడక్కపోతే ఊరుకోవచ్చని ఏ అధ్యాయంలో ఉందో కాస్త చెప్పమనండి అయ్యగారిని,” అంది విమలకుమారి, ఫోనుకి వినపడేలా.

“సిస్టర్ అక్కడే ఉన్నట్టున్నారే,” అన్నాడాయన.

ఆ రాత్రి చారు ఎవరికీ రుచించలేదు. గురువారం కూడా ఆమోసు లాబ్ నుంచి తిన్నగా ఇంటికే వచ్చాడు. శుక్రవారం విమలకుమారి తన షిఫ్టు ఇంకొకరికి మార్చి, చీరె కట్టుకుని, కోటు వేసుకుని కారులో కూర్చుంది. “నేను చెప్తాను. మీరు డ్రైవ్ చెయ్యండి చాలు,” అంది.

*

వొయ్‌చిక్ ఆఫీసు గది బారు వెనకాల. అక్కడికి వెళ్ళాలంటే డాన్సు ఫ్లోరు పక్కనుంచే వెళ్ళాలి. క్లారెన్స్ అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో పలకనీ వేలితో తడిమి సుద్దముక్కతో గుర్తు పెడుతున్నాడు. వాళ్ళని చూసి లేచాడు. పనేమిటో అర్థమైనట్టు, వద్దని తల అడ్డంగా ఊపాడు. విమలకుమారి ఆగలేదు.

“మిస్టర్ వొయ్‌చిక్, ఐస్ తొట్టి కాదు. మేము కడిగాం. ఆదివారం పొద్దున.”

“కడిగారా? మాపుతోనా?”

“నీళ్ళతో. బకెట్లతో.”

వొయ్‌చిక్ చుట్ట నోట్లోంచి తీశాడు. “ఎన్ని?”

ఒకటో రెండో అంటుందని ఆమోసు అనుకున్నాడు.

“పదకొండు,” అంది.

ఆ పెద్ద మనిషి కుర్చీలో కూలబడి, చాలాసేపు గోడమీద మామగారి ఫొటో వైపు చూశాడు. “పదకొండు బకెట్లు,” అన్నాడు ఆ ఫొటోతోనే. తర్వాత గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ క్లారెన్స్‌ని చూశాడు. “మరి నువ్వు తొట్టి అన్నావేం? నీకు తెలియదా?”

“తెలుసు.”

“ఎప్పుడు తెలుసు?”

“మొదటి బకెట్ నుంచి.”

ఆమోసు ఉలిక్కిపడి చూశాడు.

క్లారెన్స్ తలుపుకి ఆనుకున్నాడు. “ఆ రోజు నిద్ర పట్టలేదు. మోకాళ్ళు నొప్పి. నీళ్ళ చప్పుడు విని హాలు పైనున్న బాల్కనీలోకి వచ్చాను. అరవాలని నోరు తెరిచాను. మిస్టర్ వొయ్‌చిక్, నోరు తెరిచాను, నిజం. అప్పుడే వీళ్ళు వరసగా వంగారు.” విమలకుమారి వైపు చెయ్యి చూపించాడు. “ఎనిమిదిమంది. ఒక చెయ్యి వెనక, ఒక చెయ్యి ముందు. వెనక్కి నడుస్తూ. ఒకళ్ళ చేతిలోంచి ఇంకొకళ్ళ చేతిలోకి నీళ్ళు పోతున్నాయి. ఇరవై ఏళ్ళుగా డాన్సు చేస్తున్నాను, అలాంటి వరస నేనెప్పుడూ చూడలేదు. ఇంకొక్కసారి చూసి అరుద్దామనుకున్నాను. అట్లా పదకొండూ అయిపోయాయి.”

“నీకు మతి పోయింది.”

“పోయుండచ్చు. చూస్తూ నిలబడ్డవాడిది తప్పు. తెలియక చేసినవాళ్ళది కాదు. అదీగాక,” అని వెనక్కి తిరిగి నేలవైపు చూశాడు. “ఈ నేల కోసం బూట్లు విప్పినవాళ్ళని నేను వీళ్ళనే చూశాను.”

వొయ్‌చిక్ చుట్టని అటూ ఇటూ తిప్పాడు. ముందు ఆమోసుతో మాట్లాడాడు. నెలాఖరుకి ఇంకో చోటు చూసుకోమన్నాడు. “నాకు మీమీద కోపం లేదు. కానీ బకెట్ కనిపిస్తే నాకిక నిద్ర పట్టదు.” తర్వాత క్లారెన్స్ వైపు తిరగకుండానే అన్నాడు. “గదిలో ఉండు. హాలే కొత్త సంవత్సరం దాకా ఉండేట్టు లేదు. ఈ డిస్కో గాలి తగ్గిపోతోంది. రేపు సాయంత్రానికి నేల నిలిస్తే ఆడుకో. నిలవకపోతే జనాన్ని నువ్వే పంపించెయ్.”

ఆఫీసు గదిలోంచి బయటికి వచ్చాక ఆమోసు కోటు విప్పి రైలింగు మీద వేశాడు.

“ఏం చెయ్యాలో చెప్పు,” అన్నాడు క్లారెన్స్‌తో.

*

శనివారం పొద్దున ఆరుగురు మగవాళ్ళు వచ్చారు. ఏడోవాడు దైవాశీర్వాదం గారు, ఆదివారం చొక్కా చేతులు మడిచి. విమలకుమారిని చూసి, “ఎవరూ అడక్కపోయినా వచ్చాను సిస్టర్,” అన్నాడు. ఆమె నవ్వి ఆయన చేతిలో కాఫీ పెట్టింది.

నేలంతా అయ్యే పని కాదు. నడుమ ఇరవై అడుగుల చదరం సుద్దతో గీసుకున్నారు. క్లారెన్స్ పెట్టిన హీటర్లు, ఫాన్లు రెండు రాత్రులుగా నడుస్తూనే ఉన్నాయి. వొయ్‌చిక్ ఎక్కడినుంచో ఇంకో రెండు ఫాన్లు తెచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా పెట్టి వెళ్ళాడు. క్లారెన్స్ తలా ఒక ఉక్కురేకు ఇచ్చాడు, పోస్టుకార్డంత. రెండు బొటనవేళ్ళతో దాన్ని కొద్దిగా విల్లులా వంచి, లేచిన అంచు మీద తోయాలి. చెక్క ఉల్లిపొరలా చుట్టలు చుట్టుకుని లేస్తుంది. పది నిమిషాల్లో రేకు వేడెక్కి బొటనవేళ్ళు కాలేవి.

“చెక్క రేఖ వెంట పోనివ్వండి. అడ్డం తోస్తే అది పగబడుతుంది.”

“ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావు?” అన్నాడు ఆమోసు.

“బౌలింగ్ హాల్లో. పగలు బంతులు దొర్లే నేలలు చెక్కేవాణ్ణి. సాయంత్రం నలభై మూడో వీధిలో రికార్డుల కొట్టు. స్పీకరు వీధివైపు పెట్టేవాడు కొట్టాయన. సిమెంటు మీద ఆడేవాళ్ళం. సిమెంటు జాలిపడదు.” మోకాలు తట్టుకున్నాడు. “క్లబ్బుల్లోకి మమ్మల్ని ముందు తలుపునుంచి రానిచ్చేవాళ్ళు కాదు. గ్లాసులు కడగడానికని వెనకనుంచి వెళ్ళి, ఆడి వచ్చేవాణ్ణి. తర్వాత వాళ్ళే పిలిచారు.”

“నీ స్టెప్పులు ఇప్పుడు అందరూ వేస్తున్నారటగా. పోస్టర్లో చూశాను.”

“వేస్తారు. టీవీలోనూ వేస్తారు. ఎవరి కాలికి పట్టుబడితే వాళ్ళదే స్టెప్పు. నేను మాత్రం ఎవరినీ అడిగి తీసుకున్నానా?” వంగి ఒక అంచు మీద బుగ్గ ఆనించి ఎత్తు చూశాడు. “ఒక సంగతి చెప్తాను, ఎవరికీ చెప్పకండి. తడి పూర్తిగా పోకముందు ఇట్లా చదును చేస్తే, రెండు నెలల్లో పలక నడుం పైకి లేస్తుంది. మళ్ళీ పాడే.”

“మరి ఎందుకీ శ్రమంతా?”

“నాకు ఒక్క శనివారం చాలు.”

నాలుగింటికి పని ఆపారు. క్లారెన్స్ పొట్టు అంతా ఎత్తి, పొడిగుడ్డతో తుడిచి, టాల్కం పౌడరు పలచగా చల్లాడు. అది చెత్త కాదని, కాలు జారడానికని, భోజనాలు తెచ్చిన లూసీకి అప్పుడు తెలిసింది. “ముందే చెప్పొచ్చుగదయ్యా,” అని తెలుగులోనే అతన్ని కోప్పడింది. అతను అర్థమైనట్టే తల ఊపాడు.

ఆ పూట దీపాలు వెయ్యలేదు. పడమటి కిటికీల్లోంచి వచ్చే ఎండ ఒక్కటే. రికార్డు పెట్టి, నేల చూస్తానని చదరం నడుమకి వెళ్ళాడు. మెట్లు దిగడానికి బాధపడే ఆ మోకాళ్ళు ఎక్కడికి పోయాయో ఆమోసుకి తెలియలేదు. ముందు ఊరికే నడిచాడు. నడక మధ్యలో ఒక అడుగు తప్పిపోయినట్టు జారి, పడబోయి, పోస్టరులో బొమ్మలా ఆగాడు. దైవాశీర్వాదం గారు తెలియకుండానే చెయ్యి చాచాడు, పట్టుకుందామని. క్లారెన్స్ ఆగినచోటు నుంచి మళ్ళీ పాటలో పడ్డాడు.

అప్పుడు నడుం వంచాడు. ఎడమచెయ్యి వెనక్కి పోయి నడుం మీద ఆనింది, ఏదో పట్టుకున్నట్టు పిడికిలి. కుడిచెయ్యి నేలకి జానెడు పైన సర్రున ఊడ్చింది. వెనక్కి అడుగు. మళ్ళీ సర్రున. వెనక్కి, వెనక్కి. చదరం అంచుకి వచ్చేసరికి, మడమ మీద గిర్రున తిరిగి, రెండడుగులు ఎక్కువ వేసి అందుకున్నాడు.

లూసీ నోరు తెరిచింది. విమలకుమారి పైటకొంగు నోటికి అడ్డంపెట్టుకుని నవ్వు ఆపుకోలేక ఆమోసు భుజం మీద వాలిపోయింది.

“ఏవండీ, అది నేనండీ! ఆ మూల తిరిగింది నేనేనండీ!”

పాట అయ్యాక క్లారెన్స్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. “కోప్పడ్డారా, మిసెస్ ఆమోస్?”

“లేదు. కాని ఎడమచెయ్యి ఇంకాస్త పైకి. కుచ్చిళ్ళు తడుస్తాయి.”

ఆమె కోటు ఇవతల పెట్టి, చీరెలోనే వంగి చూపించింది. అతను చూశాడు. పక్కన నిలబడి చేశాడు. ఇద్దరూ ఎండలో ఆ చదరం ఈ చివరినుంచి ఆ చివరికి వెనక్కి నడిచారు. ఎవరూ నవ్వలేదు అప్పుడు.

“దీనికి పేరు పెట్టాలి,” అన్నాడు. “ఎన్ని బకెట్లన్నారు?”

ఆ సాయంత్రం జనం వచ్చే వేళకి వాళ్ళు ఇంటికి వెళ్ళిపోయారు. ఎట్లా జరిగిందని తర్వాత అడిగితే క్లారెన్స్, “నేల నిలిచింది,” అన్నాడు, అంతే. నెలాఖరుకి సంఘం ఒక లూథరన్ చర్చి బేస్‌మెంట్‌కి మారింది. నేల లినోలియం. ఎన్ని నీళ్ళయినా పొయ్యచ్చు. కడిగినప్పుడల్లా విమలకుమారికి విసుగ్గా ఉండేది. “ఈ నేలకి ప్రాణం లేదండీ,” అనేది. జనవరిలో లూనా మూతపడింది. లాస్ ఏంజిలస్ నుంచి ఒక క్రిస్మస్‌కి క్లారెన్స్ కార్డు పంపాడు, ఇక్కడ కుర్రాళ్ళకి నేర్పుతున్నానని రాసి. తర్వాత రాలేదు.

*

1988 నవంబరులో ఒక శుక్రవారం. షికాగో శివారు షామ్‌బర్గ్‌లోని ఇంట్లో బేస్‌మెంట్‌లోంచి పాట దడదడమని వస్తోంది. విమలకుమారి పోయి అప్పటికి మూడేళ్ళు. ఆమోసు పొద్దుటి చారు వెచ్చబెట్టుకుని తిని, పిల్లలకి పాలు కావాలేమో అడుగుదామని మెట్లు సగందాకా దిగాడు.

దెబోరా, ఆమె స్నేహితురాలు విద్య, సోఫా పక్కకి జరిపేసి, స్కూల్ డాన్సుకి ప్రాక్టీసు చేస్తున్నారు. ఇద్దరూ నడుం వంచారు. కుడిచెయ్యి సర్రున ఊడ్చింది. వెనక్కి అడుగు. మళ్ళీ.

ఆమోసు రైలింగు పట్టుకున్నాడు.

“డాడీ! నాక్ చెయ్యాలి కదా!”

“తలుపు తెరిచే ఉందమ్మా. అదేం స్టెప్పు?”

“అందరు చేస్తారు, అంకుల్,” అంది విద్య. “టీవీలో కూడా. బకెట్స్ అంటారు.”

“ఆ పేరు ఎందుకు?”

“ఐ డోంట్ నో,” అంది దెబోరా. “స్టెప్‌కి మీనింగ్ ఉండదు, డాడీ.”

చెప్పాలంటే చాలా ఉంది. పులిహోరలో ఉప్పు దగ్గరనుంచి మొదలుపెట్టాలి. రేపు పొద్దున చెప్తాడు, కాఫీ తాగుతూ, మొదటినుంచీ. ఇప్పుడు పాట నడుస్తోంది. ఆమోసు ఇంకో మెట్టు దిగాడు.

“ఎడమచెయ్యి ఊరికే వదిలేశారు. అది వెనక్కి పెట్టాలి. నడుం మీద. ఏదో తడిసిపోకుండా పైకి పట్టుకున్నట్టు.”

“నీకెలా తెలుసు?”

“చూశాను.”

దెబోరా కళ్ళు తిప్పింది. విద్య నవ్వింది. అయినా పాట మళ్ళీ ఆ చోటుకి వచ్చేసరికి, దెబోరా ఎడమచెయ్యి వెనక్కి పెట్టింది. పిడికిలి నడుం మీద ఆనింది. వెనక్కి, వెనక్కి నడిచి, సోఫా అడ్డం వచ్చేసరికి, ఎవరూ నేర్పకుండానే, మడమ మీద గిర్రున తిరిగింది.

“ఇట్లానా, డాడీ?”

“అట్లాగే,” అన్నాడు. “ఇంకాస్త పైకి.”

పాలు కావాలా అని అడగడం మరిచిపోయాడు. మెట్లెక్కి పైకి వచ్చి, కాసేపు అక్కడే నిలబడి విన్నాడు. పాట కింద, కార్పెట్ మీద సాక్సులు రాసుకునే చప్పుడు, సర్రు సర్రుమని. తర్వాత, పిల్లలకి వినపడకుండా, పిడి తిప్పి పట్టుకుని, బేస్‌మెంట్ తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.